బండి కింద పేపరు

ఒరే అబ్బాయిలూ, మీ బండ్లు ఆయిల్ కార్చవట గదా. మొన్న మా మనవడి స్నేహితుడొకడు వచ్చి ఎంత గర్వంగా చెప్పాడనీ! కొన్నప్పటి నుంచీ ఇంజను కింద చుక్క పడలేదట. సంతోషం నాయనా. మరి ఆయిల్ పోసే మూత ఎటుందిరా అని అడిగితే, ప్లాస్టిక్ తొడుగుల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసొచ్చి, "ఇక్కడే ఎక్కడో ఉండాలి తాతగారూ, సర్వీసు వాళ్లకి తెలుసు" అన్నాడు. కారని బండి ఉన్నవాడి చదువు అంతవరకే.

మా రోజుల్లో బుల్లెట్ ఉన్నవాడి ఇల్లు కనుక్కోవడానికి డోరు నంబరు అక్కర్లేదు. వాకిట్లో నల్లటి మరక ఉందా, అదే ఇల్లు. మా ఆవిడ ఆ మరక చుట్టూ ముగ్గు వేసేది. మరక మీద వేస్తే పిండి నిలవదు మరి. కళ్లాపిలో ఎంత పేడ కలిపినా పోలేదని ఈ రోజుకీ అంటూనే ఉంటుంది. ఆ ఇల్లు ఎప్పుడు అమ్మేశామో ఆవిడకి సరిగ్గా గుర్తులేదు, మరక ఎంత మేర ఉండేదో మాత్రం చేతులు చాపి చూపిస్తుంది.

"కారడం ఆగిందంటే ఆయిల్ అయిపోయిందని లెక్క" అని మాలో మాలో ఒక మాట ఉండేది. నవ్వుతారు మీరు. కానీ ఆ భయంతోనే రోజూ పొద్దున్నే మూత తిప్పి, పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి చూసుకునేవాళ్లం. మీరు రోజూ పొద్దున్నే దేన్ని చూసుకుంటారో నాకు తెలుసులెండి.

అసలు ఆ బండి సంగతి మీకు తెలియదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి, ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్లో తయారయ్యే బుల్లెట్‌ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. ఆ ఇంగ్లండు కంపెనీ ఎప్పుడో మూతపడింది. మనవాళ్లు మాత్రం ఆ ఇనప బోరు ఇంజన్ని 2010 ప్రాంతం దాకా చేస్తూనే వచ్చారు. ఇంజను వేరు, గేర్‌బాక్సు వేరు, ఎడమవైపు ప్రైమరీ చెయిను పెట్టె వేరు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్టార్టు చేయాలంటే అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కి, డీకంప్రెసరు పట్టి ఇంకాస్త జరిపి, వదిలి, అప్పుడు ఒక్క తన్ను. లెక్క తప్పితే అదే నిన్ను తన్నేది. ఇప్పుడు బొటనవేలితో మీట నొక్కుతారు. పిస్టన్ ఎక్కడుందో బొటనవేలికేం తెలుస్తుందిరా? ఏం చెబుతున్నాను... ఆ, ఆయిలు.

అన్ని పెట్టెలుంటే అన్ని అతుకులు. అతుకున్న చోటల్లా కారే వీలుంది. కానీ నన్నడిగితే సగం కారుడు బండిది కాదు, పానా పట్టిన చేతిది. ఆ చెయిను పెట్టె మూతే చూడండి. అంత పెద్ద మూతకీ నడుమ ఒకటే నట్టు, అంచు చుట్టూ ఒక రబ్బరు రింగు. బలముంది కదా అని నట్టు బిగిస్తే మూత నడుమ లోపలికి పోయి అంచు లేస్తుంది. కారడం మొదలవుతుంది. కారుతుంటే మనిషేం చేస్తాడు? ఇంకాస్త బిగిస్తాడు. మా బావమరిది అచ్చం అంతే. పెళ్లిళ్ల సీజన్లో బండి అడిగి పట్టుకెళ్లేవాడు, తిరిగిచ్చేటప్పుడు "బావగారూ, ఏదో వదులుగా అనిపిస్తే బిగించాను" అనేవాడు. వాడు బిగించాడంటే ఆ ఆదివారం నాకు పనే. టాపెట్ మూతదీ అదే కథ, దానికీ ఒకటే నట్టు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, పుష్‌రాడ్లు వేళ్ల మధ్య సులువుగా తిరిగేట్టు, పైకీ కిందకీ మాత్రం ఆడకుండా సర్దాలి. సర్దడం మా వీధిలో అందరికీ వచ్చు. మూత మళ్లీ సరిగ్గా పెట్టడమే ఒక్కడికీ రాదు.

ఇక వెతకడం. కారే చోటు వేరు, కనపడే చోటు వేరు. ఇది తలకెక్కించుకోకుండా పానా ముట్టుకోకూడదు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి పరిగెడుతుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. పైన రాకర్ బాక్సు దగ్గర పుట్టిన తడి, బోరు రెక్కల సందుల్లో పడి ఊరంతా తిరిగి, చివరికి గేర్‌బాక్సు అడుగున వేలాడుతుంది. తెలివైనవాడు అది చూసి గేర్‌బాక్సు విప్పుతాడు. అలా విప్పించుకుని, డబ్బులిచ్చి, మళ్లీ అదే చుక్కతో ఇంటికొచ్చినవాళ్లు మా కాలంలోనూ ఉన్నారు. కాకపోతే వాళ్లని చూసి నవ్వేవాళ్లం.

ముందు రాత్రి బండి కింద పాత పేపరు పరిచేవాళ్లం, ముందు చక్రం ఎటుందో పెన్సిలుతో గుర్తుపెట్టి. తెల్లారి ఆ పేపరు చదవడం ఒక విద్య. నల్లటి చుక్కయితే ఇంజనుది. గంధకం వాసనొస్తే గేర్ ఆయిలు. ఎడమవైపు పల్చగా పరుచుకుంటే చెయిను పెట్టె. దాంతో ఏ పేటలో వెతకాలో తెలిసేది, ఇక ఇల్లు పట్టుకోవాలి. ఆదివారం పొద్దున్నే రేషన్ కిరసనాయిలు (ఇప్పుడు అదీ దొరకడం లేదు, డీజిలుతో సరిపెట్టుకోవాలి), అరిగిపోయిన రంగుల బ్రష్షు, పాత బనీను గుడ్డలు ముందేసుకుని ఇంజనంతా కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టేవాణ్ణి. అప్పుడు ఇంట్లోంచి పౌడరు డబ్బా తెచ్చి అతుకులన్నిటి మీదా చల్లడం. మా ఆవిడ డబ్బా ఖాళీ అయ్యాక గానీ కనిపెట్టేది కాదు. బండిని ఆ తెల్లటి ముఖంతోనే కాలవ లాకుల దాకా మెల్లగా నడిపి, తిరిగొచ్చి, పక్కన గొంతుక్కూర్చుని చూడాలి. పౌడరు మీద సన్నటి తడి గీత. రాకర్ పైపు బోల్టు తల కింద పుట్టి, ఒక రెక్క దాటి, రెండో రెక్క అంచున ఆగి మెరుస్తూ ఉండేది. అన్నిటికంటే పైన తడిసిన చోటే దొంగ. కింద ఎంత తడిసినా దాన్ని పట్టించుకోకూడదు.

దొంగ దొరికాడు కదా అని వెంటనే పానా తీయడం కాదు, ముందు బ్రీతరు చూడాలి. ఇది మా మేస్త్రి చెప్పిన మాట. ఆయన ఆటోనగర్లో రేకుల షెడ్డు కింద కూర్చుని, బండి లోపలికి రాకముందే చప్పుడు విని ఏం పోయిందో చెప్పేవాడు. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా దాని కింది చాంబర్లో గాలి నలుగుతుంది, దానికి బయటికి దారి కావాలి. ఆ దారే బ్రీతరు. బుల్లెట్‌కి దాని చివర బాతుమూతి రబ్బరొకటి ఉండేది. పిస్టన్ దిగితే దాని పెదాలు తెరుచుకుని గాలి పోయేది, ఎక్కితే మూసుకునేది. అలా లోపల వొత్తిడి లేకుండా ఉన్నంతసేపూ ఆయిలూ లోపలే ఉండేది. ఆ రబ్బరు ఎండకి గట్టిపడినా, గొట్టంలో బురద చేరినా, గాలి తన దారి తను వెతుక్కుంటుంది, ఏ ప్యాకింగు బలహీనంగా ఉంటే అక్కణ్ణించి ఆయిల్ని వెంటబెట్టుకుని వస్తుంది. అప్పుడు నువ్వు ప్యాకింగులు మార్చడం ఎలాంటిదంటే, మరిగే ఎసరు మీద మూత అదిమిపెట్టి, అంచుల వెంట పొంగుతోందని గుడ్డ చుట్టడం లాంటిది. ఒకచోట ఆపితే ఇంకోచోట మొదలవుతుంది. జనం "బుల్లెట్ ఇంతేనండీ" అనేసేవాళ్లు. బుల్లెట్ ఇంతే కాదు, అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్క ఇంతే.

ఇంకో తమాషా. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే వెనక అరలో ఉండాల్సిన ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా చాంబర్లోకి దిగేది. ఆ రోజు కిక్కు కొడితే వీధంతా పొగ, బ్రీతర్లోంచి ఆయిల్ కక్కుడు. రింగులు పోయాయని బోరు విప్పించినవాళ్లున్నారు. కాసేపు ఓపిక పడితే పంపు తనే వెనక్కి తోడుకునేది. ఓపిక అనే సరుకు అప్పట్లో దొరికేది లెండి.

ప్యాకింగు కూడా కొట్లో కొనడమేమిటి, చేతితో కోసుకునేవాళ్లం. మూత మీద మందపాటి కాగితం పరిచి, సుత్తి గుండ్రటి వైపుతో అంచు వెంట మెల్లగా తట్టుకుంటూ పోతే కాగితం దానంతటదే తెగేది. బోల్టు బెజ్జం మీద బేరింగు గుండు పెట్టి ఒక్క దెబ్బ వేస్తే చక్కటి రంధ్రం. మా మేనత్త కూతురి శుభలేఖ మంచి మందంగా ఉంటే ఫిల్టరు మూతకి వాడాను. వాళ్ల పిల్లాడు బడికెళ్లే వయసొచ్చేదాకా చుక్క కారలేదు. రాగి వాషరు గట్టిపడితే పారేయకుండా ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడేది. వంటగదిలో కాల్చినందుకు పడ్డ చీవాట్లు వేరే. మూత అంచు వంకరపోతే అద్దం మీద గరుకు కాగితం పరిచి, ఎనిమిది అంకె తిప్పినట్టు మెల్లగా రుద్ది చదును చేసేవాళ్లం. దానికీ ఒక పూట. ఆ పూట వీధిలో పోయేవాడల్లా ఆగి ఒక సలహా ఇచ్చిపోయేవాడు.

ఇప్పుడు అన్నిటికీ ఒకటే మందు, సీలెంటు ట్యూబు. పాత ప్యాకింగు గీకరు, అంచు తుడవరు, పళ్ల పేస్టు పిండినట్టు పిండేసి మూత అంటిస్తారు. బయటికి పొంగింది కనపడుతుంది, వేలితో తుడుస్తారు. లోపలికి పొంగిందో? అది తెగి, ఆయిల్లో తిరిగి, వెళ్లి పంపు జాలీకి అడ్డం పడుతుంది. కారడం ఆగింది బాబూ, ఇంజనే పట్టేసింది. పైగా బోల్టులు బిగించడానికి గాలి తుపాకులు. అల్యూమినియంలో మరలు అవి తింటాయి, బిల్లు మీరు కడతారు.

మా మనవడి కొత్త బండికే జరిగింది. సర్వీసు చేయించి తెచ్చిన రెండో రోజు అపార్టుమెంటు టైల్స్ మీద చుక్క. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, నిజం చెప్పాలంటే. ఏ కంపెనీ అయితేనేం గానీ, సర్వీసు వాళ్లు ఇంజను దింపి చూడాలన్నారు. నేను పౌడరు కోసం ఇల్లంతా వెతుకుతున్నాను, ఈ కాలం ఆడపిల్లలు పౌడరు కూడా మానేశారు, ఇంట్లో డబ్బా లేదు. ఈలోగా వాడు ఆన్‌లైన్లో తెప్పించిన రంగు మందేదో ఆయిల్లో కలిపి, కాసేపు ఇంజను నడిపి, లైటార్పి నీలి టార్చి వేశాడు. డ్రెయిన్ బోల్టు చుట్టూ పచ్చగా మెరిసింది. నలిగిన పాత వాషరే మళ్లీ వేసి బిగించారు మహానుభావులు. కొత్త వాషరు వేస్తే ఆగిపోయింది. మొత్తం గంట పట్టలేదు.

గంటలో అయిపోతే అదీ ఒక పనేనా? ఎవడూ ఆగి సలహా ఇవ్వలేదు, టీ తాగలేదు, చేతికి మసి అంటలేదు. పైగా ఆ టార్చి చీకట్లో తప్ప పనిచేయదు. అయినా దాన్ని నా సొరుగులోనే పెట్టుకున్నాను. వాడి దగ్గరుంటే పారేస్తాడు.

కాబట్టి మీలో ఎవరి బండైనా కారుతుంటే, ఆ ట్యూబు పక్కన పడేసి మా ఇంటికి తీసుకురండి. ఆదివారం అయితే మంచిది. గుడ్డలూ, డీజిలూ, టీ నావి. వంగి కిందికి చూడటం మాత్రం మీరే చూడాలి, నా మోకాళ్లు ఆ పని మానేశాయి.