ప్లాస్టిక్ అల్లుడు

మాకు ఆడపిల్లలు లేరు. అయినా ఆరేళ్ల కిందట మా ఇంటికి అల్లుడొచ్చాడు. మూడంగుళాల చిల్లర పొడుగు, నిగనిగలాడే ఒళ్లు, ఛాతీ మీద బంగారు రంగు చిప్పు. ఇన్నాళ్లూ అతగాణ్ని క్రెడిట్ కార్డు అనుకుని పర్సులో పెట్టుకు తిరిగాను. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పేపర్లో చదివాక గానీ వరస తెలియలేదు.

తీర్పు మీకు తెలిసిందే. కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ లాగడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక గిరి గీసింది. బ్యాంకులు పైకెళ్లాయి. పదహారేళ్లకు గిరి చెరిగిపోయింది. రేట్ల సంగతి చూసుకోవడానికి రిజర్వు బ్యాంకు ఉంది, మధ్యలో కమిషన్‌కేం పని అన్నారు. చట్టం ప్రకారం అదే రైటు కావచ్చు, ఆ గొడవ లాయర్లు చూసుకుంటారు. నాకు గుచ్చుకున్నది వేరే మాట. కార్డు తీసుకునేవాళ్లకు తమ సదుపాయాలేమిటో, బాధ్యతలేమిటో, గడువు దాటితే ఏం పడుతుందో అన్నీ తెలియజెప్పే ఉంటారట.

ఈ మాట ఎక్కడో విన్నానే అని రెండు రోజులు ఆలోచించాను. పెళ్లి విడిదిలో విన్నాను. అల్లుడు అలకపాన్పు ఎక్కి మోటారు సైకిలు అడుగుతుంటే, పిల్ల తండ్రి చెమట తుడుచుకుంటుంటే, మగపెళ్లివారి తరఫు పెద్దాయన తమలపాకు నములుతూ అనే మాట: “అన్నీ ముందే అనుకున్నవేగా బావగారూ!”

అప్పుడు వెలిగింది. నా పర్సులో ఉన్నవాడు దశమగ్రహం.

ఇంతకీ పెళ్లికూతురెవరంటారా? నా జీతం. ఒకటో తారీఖున పుట్టింట్లో ఇలా కనబడి, మూడో తారీఖుకల్లా అత్తారింటికి వెళ్లిపోయే పిల్ల మా ఇంట్లో అదొక్కటే.

సంబంధం మేం వెతుక్కోలేదు. కూకట్‌పల్లిలో ఒక మాల్‌లో ఎస్కలేటర్ దిగే చోట బల్ల వేసుకుని నిలబడ్డ కుర్రాడు “అంకుల్, ఒక్క నిమిషం” అన్నాడు. మెళ్లో ట్యాగు, చేతిలో ట్యాబు, బల్ల కింద ట్రాలీ బ్యాగుల గుట్ట. నన్ను ఎగాదిగా చూసి “మీకు ఆల్రెడీ అప్రూవ్ అయిపోయింది అంకుల్” అన్నాడు. పిల్ల నచ్చిందన్నమాట. కట్నం లేదు, జీవితాంతం ఫీజు లేదు. పైగా మగపెళ్లివారే ఎదురు ట్రాలీ బ్యాగు పెడుతున్నారు. జాతకాలు అక్కడికక్కడే చూశారు. మామూలు పెళ్లికి ముప్ఫై ఆరు గుణాల్లో ఎన్ని కలిశాయో చూస్తారు, ఈ పెళ్లికి సిబిల్ వాళ్ల తొమ్మిది వందల్లో ఎన్నొచ్చాయో. నాకు 780 వచ్చింది. చదువుకునే రోజుల్లో ఏ పరీక్షలోనూ రాని మార్కులు. ఆనందంతో అడిగిన చోటల్లా వేలు పెట్టి సంతకం చేశాను.

వారానికల్లా కొరియర్‌లో దిగాడు. వెంట ఒక పుస్తకం కూడా తెచ్చుకున్నాడు. పైన ‘అతి ముఖ్యమైన నియమ నిబంధనలు’ అని ఇంగ్లీషులో లావుగా రాసి, ఆ అతి ముఖ్యమైనవాటిని మాత్రం ఆవగింజలో సగం సైజు అక్షరాల్లో అచ్చేశారు. మా నాన్నగారు పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చుకుని కూర్చున్నా మూడో పేజీ దాటలేకపోయాను. తీర్పులో చెప్పిన ‘తెలియజెప్పడం’ ఇదే అయ్యుండాలి. అయినా పెళ్లిమంత్రాలకు అర్థం తెలిసి పీటల మీద కూర్చున్నవాళ్లు ఎందరున్నారు లెండి.

మొదటి యాభై రోజులు మర్యాదే మర్యాద. వడ్డీ అన్న మాట అల్లుడి నోట రాలేదు. అంతకుముందు మా ఇంట్లో మిక్సీ మార్చాలంటే రెండు పండగలు దాటేవి. అల్లుడొచ్చాక మా ఆవిడ “ఏమండీ, ఆ ఫ్రిజ్జు...” అనేలోపే అతను జేబులోంచి తల బయటపెట్టి “నేనున్నాగా మావయ్యగారూ” అనేవాడు. ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదంటారు. ఈయన ఆషాఢం డిస్కౌంట్లలోనే ఎక్కువ తిరిగేవాడు. వెళ్లినచోటల్లా ఖర్చు మాది, దర్జా అతనిది. ఏడాది తిరిగేసరికి రివార్డు పాయింట్లని మాకు చీర పెట్టాడు. పట్టుచీర కాదు, ఒక కాఫీ మగ్గు.

నో కాస్ట్ ఈఎంఐ అని ఇంకో వేడుక ఉంది. పైసా కట్నం వద్దని శుభలేఖలో వేసుకుని, పీటల మీద కూర్చున్నాక లాంఛనాలు విప్పడం లాంటిది. ప్రాసెసింగ్ ఫీజు ఒకటి, లేదన్న వడ్డీ మీద జీఎస్టీ ఒకటి, రొక్కమిస్తే వచ్చే తగ్గింపు పోవడం మరొకటి. సున్నా శాతం వడ్డీ అనేదే లోకంలో లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఆ లేనిది ప్రతి షోరూము అద్దం మీదా స్టిక్కరై ఇప్పటికీ కనబడుతోంది.

పిల్లాడి ఇంజినీరింగు ఫీజు కట్టిన నెలలో అసలు కథ మొదలైంది. లక్ష రూపాయల కార్డు బిల్లు కట్టలేకపోయాను. అల్లుడు అలకపాన్పు ఎక్కాడు. అయితే దిగే దారీ తనే చూపించాడు. “మొత్తం అక్కర్లేదు మావయ్యగారూ, కనీస చెల్లింపు ఐదు వేలు చాలు.” ఎంత సంస్కారం! కట్టేశాను. ఆ రాత్రి మా ఆవిడ పాలచీటీ వెనక లెక్క వేసింది. లక్ష మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ 3,500. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 630. ఇది ఆడపడుచు కట్నం, ప్రభుత్వం వారికి. ఐదు వేలిస్తే అసలులో తరిగింది 870.

“4,130 రూపాయలు అతని కాళ్లు కడగడానికే సరిపోయాయండీ” అంది ఆవిడ.

బాకీ తీరేదాకా కొత్తగా ఉప్పు ప్యాకెట్టు కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ అన్న సంగతి మేం చూడని నాలుగో పేజీలో ఉందట.

ఒకడి అలక తీర్చడానికి రెండోవాణ్ని తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్లు మనకు కొదవా? బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు దాన్ని. అంటే పెద్దల్లుడి లాంఛనాలు చిన్నల్లుడి చేత కట్టించడం. తోడల్లుళ్లకు ఎక్కడైనా పడుతుందా! ఇద్దరి పోరూ పడలేక పర్సనల్ లోను అని మూడోవాణ్ని ఇల్లరికం తెచ్చాం. ఐదేళ్లు కదలడు. దేశం మొత్తం మీద ఈ కార్డు అల్లుళ్లు 2024 ఫిబ్రవరికే 10 కోట్లు దాటారు. ఇంతమంది ఆకలి తీర్చే మావలకు లెక్క ఎవరు రాస్తున్నారో తెలియదు.

మరి పెళ్లిపెద్ద ఏమంటాడు? రిజర్వు బ్యాంకు నిబంధన చక్కగానే ఉంది. వడ్డీ మితిమీరకూడదు, పైహద్దు ఉండాలి. ఆ హద్దు ఎంతో మాత్రం బ్యాంకు బోర్డే తేల్చుకోవాలి. అల్లుడుగారు ఎక్కువ తినకూడదు, ఎంత తింటే ఎక్కువో అల్లుడుగారే చెబుతారు! కట్నం అడిగినవాడి మీదైతే 1961 నాటి చట్టం ఉంది. ఈయన మీద పెట్టడానికి సెక్షన్ లేదు.

గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి కొత్త అల్లుడి ముందు వందల రకాలు పరిచి పేపర్లకు ఫొటోలు పంపుతారు. పాపం, అంతా తినేది ఎవరు? రెండు గారెలు కొరికి చెయ్యి కడుక్కుంటాడు. మా ప్లాస్టిక్ అల్లుడు అలా కాదు. 2008 నాటి పెద్దమనుషులు 30 రకాల దగ్గర ఆగమన్నారు. ఇప్పుడు 42 కావచ్చు, 45 కావచ్చు, విస్తరికి అంచు తీసేశారు. వడ్డీ, వడ్డన దగ్గర దగ్గరగా వినిపించడం ఊరికే కాదనిపిస్తోంది. ఇదే బ్యాంకులో నా పొదుపు ఖాతా కూడా ఉంది. నా డబ్బు వాడుకున్నందుకు ఏడాది పొడవునా కలిపి వాళ్లు నాకు విదిల్చేది మూడు శాతానికి అటూ ఇటూ. వాళ్ల డబ్బు నేను వాడితే నెలకు మూడున్నర.

ఇక్కడిదాకా నవ్వులాటే. నాకు జీతముంది, లెక్కలు వేసే భార్య ఉంది, అలక రాసుకుని నాలుగు డబ్బులు తెచ్చుకునే కాలమ్ కూడా ఉంది.

మా వీధి చివర ఇస్త్రీ బండి అతనికి ఏ బ్యాంకూ అల్లుణ్ని పంపలేదు. సిబిల్ జాతకమే లేదు. భార్యకు ఒంట్లో బాగాలేకపోతే ఫోన్‌లో ఏదో యాప్ నొక్కి ఐదు వేలు తీసుకున్నాడు. ఖర్చుల కింద కోసుకోగా చేతికొచ్చింది మూడు వేల చిల్లర. వారంలో ఐదు వేలూ కట్టాలి. రెండో వారం నాకు ఫోనొచ్చింది.

“మీరు వాడికేమవుతారు?”

“బట్టలు ఇస్త్రీకి ఇస్తాను.”

“వాడు దొంగ. వాడి పెళ్లాం ఫొటో పంపిస్తున్నా, చూడు.”

పంపించాడు. నేను తెరవలేదు. మా వీధిలో అతని ఫోనులో నంబరున్న ప్రతి ఇంటికీ పంపించాడు. ఎవరెవరు తెరిచారో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. ఆమె మాత్రం మర్నాటి నుంచి బండి దగ్గర కనబడలేదు.

తీర్పు కార్డుల గురించి, యాప్‌ల గురించి కాదు. తెలుసు. కానీ ‘అన్నీ తెలిసే తీసుకున్నారు’ అన్న మాట ఒక్కటే. అతనికి ఏం తెలియజెప్పారు? ఏ భాషలో చెప్పారు? ఫొటోలు, కాంటాక్టులు లాక్కుంటామని ఏ పేజీలో రాశారు? 2020 డిసెంబరులో ఇలాంటి ఫోన్లకే తెలంగాణలో చదువుకున్న పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద పడ్డారు, అరెస్టులు చేశారు. 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు రాసింది. ఫోను వస్తూనే ఉంది. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పులకు ఆత్మహత్యలు వరసబెట్టి వార్తల్లోకొచ్చాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్సు తెచ్చారు, వడ్డీ అసలును మించకూడదని అందులో రాశారు. అంటే గిరి గీయడం మనవాళ్లకు రాక కాదు. శవాలు లెక్కపెట్టాక గీస్తారు. పేపర్లో ఆ వార్త చిన్నదయ్యాక చెరిపేసుకుంటారు. ముప్ఫై ఎక్కువో తక్కువో తేల్చడానికి పదహారేళ్లు పట్టిన దేశంలో, ఐదు వేలకు ఒక ఆడమనిషిని వీధిలో నిలబెట్టడానికి పద్నాలుగు రోజులు చాలాయి. దీన్ని మార్కెట్ అంటారా? మా ఊళ్లో దీనికి వేరే మాట ఉంది, పేపర్లో అచ్చేయరు.

గురువారం వెళ్తే బండి మీద పట్టా కప్పి ఉంది. నా నాలుగు చొక్కాలూ మడతపెట్టి, పాత పేపర్లో చుట్టి, పక్క కిరాణా కొట్లో ఇచ్చి ఇద్దరూ ఊరెళ్లిపోయారట. ఈ నెల ఇస్త్రీ డబ్బులు నేనింకా ఇవ్వలేదు. 340 రూపాయలు. నాకేమైనా చెప్పమన్నాడా అని కొట్టతన్ని అడిగాను.

“సారును తొందరపెట్టొద్దన్నాడండీ. వచ్చాక తీసుకుంటాడట.”