మిగిలిపోయిన ముక్క

ముప్పై ఏళ్లు పిల్లలకి ఫిజిక్సు చెప్పాను. న్యూటన్ మూడో సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా ఒప్పజెబుతాను. ఆ సూత్రమే మొన్నామధ్య నన్ను రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన ఎక్కేచోట, బస్సులో జనమంతా కిటికీల్లోంచి చూస్తుండగా, తారురోడ్డు మీద కూలేసింది.

మా అక్క కొవ్వూరులో ఉంటుంది. వారానికోసారి సైకిలు మీద వెళ్లి చూసి రావడం అలవాటు. రిటైరయ్యాక వంతెన ఎక్కేసరికి ఆయాసం మొదలైంది. స్కూటరు కొనుక్కోమన్నాడు మా అబ్బాయి. స్కూటరు ఎవడైనా కొనుక్కుంటాడు, నేను సైకిలుకే మోటారు పెడతానన్నాను. గొప్పకి పోవడం అక్కడే మొదలు.

కిట్టు వచ్చింది. నడిబొడ్డున మోటారున్న ముందు చక్రం, కంట్రోలరు డబ్బా, తిప్పితే వేగం పెరిగే పిడి, వైర్ల చుట్ట. మోటారు 250 వాట్లు, 36 వోల్టులు. 250 వాట్లలోపు, గంటకి 25 కిలోమీటర్లలోపు, బ్యాటరీ కాక 60 కిలోల లోపు ఉంటే మోటారు వాహనం కింద లెక్క కాదనీ, లైసెన్సు అక్కర్లేదనీ వీధి అరుగు మీద కూర్చున్న వాళ్లకి నిబంధన అంతా వినిపించాను. బ్రేకులు సరిగ్గా ఉండాలన్న మాట కూడా ఆ నిబంధనలో ఉంది. అది వినిపించలేదు. ఎందుకంటే నాది పాతకాలపు కడ్డీ బ్రేకుల సైకిలు, 28 అంగుళాల చక్రం. నేను తెప్పించిన చక్రం 26. బ్రేకు కట్టలు రిమ్ముకి అందలేదు. వెనక బ్రేకు ఉందిగా అనుకున్నాను.

బ్యాటరీల లెక్క కాగితం మీద వేశాను. యూపీఎస్‌లో పెట్టే 12 వోల్టుల బ్యాటరీలు మూడు, ఒక్కోటి 7 ఆంపియర్-అవర్లు. మొత్తం 252 వాట్-అవర్లు. 250 వాట్ల మోటారుకి గంట ప్రయాణం! కానీ ఆ 7 అనే అంకె ఇరవై గంటలపాటు నిదానంగా, మూడోవంతు ఆంపియరు చొప్పున వాడుకుంటేనే. గంటలో పిండేయబోతే లెడ్ యాసిడ్ బ్యాటరీ అందులో సగం కాస్త అటూ ఇటూగా ఇచ్చి ముఖం తిప్పుకుంటుంది. ఈ సంగతి కూడా నేను పాఠం చెప్పినదే. సరే, ఆరేడు కిలోల బ్యాటరీలు కూరల సంచిలో పెట్టి క్యారియరుకి కట్టాను.

అసలు ఘనకార్యం ఫోర్కు దగ్గర. మోటారు ఇరుసు మామూలు ఇరుసులా గుండ్రంగా ఉండదు. రెండు వైపులా చెక్కి ఉంటుంది, ఆ చదును దగ్గర మందం 10 మిల్లీమీటర్లు. నా ఫోర్కు గాడిలో అది దూరలేదు. ఆకురాయి పట్టుకుని ఒక పూటంతా అరగదీశాను. ఒక పక్క ఎక్కువ అరిగింది. సందు మిగిలితే మాత్రం ఏం, నట్టు గట్టిగా బిగిస్తే సరిపోతుందిలే అనుకున్నాను.

అంతా అయ్యాక ఒక ముక్క మిగిలింది. జానెడు లేని ఉక్కు పట్టీ, ఒక చివర ఇరుసు ఆకారంలో కన్నం, రెండో చివర ఇంకో కన్నం. కిట్టుతో పాటు పొరపాటున వచ్చిందేమో అనుకున్నాను. మా ఆవిడ, "ఏమండీ, అది వాడకపోతే జల్లెడ తగిలించుకుంటాను" అంది. వంటింటి గోడకి రెండు మేకులు కొట్టి నేనే బిగించి ఇచ్చాను.

సైకిలు షాపతను మాత్రం చక్రం ఊపి చూసి, "మేస్టారూ, ఇరుసు తిరక్కుండా పట్టుకునేది ఏదండీ?" అన్నాడు. ఇరుసు తిరగదయ్యా, చక్రం తిరుగుతుంది, అని అతనికి మోటారు పాఠం పావుగంట చెప్పాను. పాపం, విన్నాడు.

మర్నాడు వంతెన ఎక్కుతుండగా ముందున్న బస్సు ఆగింది. ఆగాను. అది కదలగానే, పెడలు తొక్కడం నామోషీ అనిపించి, పిడి చివరిదాకా తిప్పాను. ఎగుడు మీద, నిలబడ్డ బండిని కదిలించడానికి మోటారు ఉన్న బలమంతా పెట్టింది. చక్రాన్ని ముందుకి తిప్పాలంటే ఇరుసుని వెనక్కి తిప్పాలి కదా! తిప్పింది. టక్కుమంది. అరగదీసిన గాడి నోరు తెరుచుకుంది, చక్రం ఊడి పక్కకి ఒరిగింది, ఇరుసు బోలులోంచి వచ్చే వైర్లు జడలా మెలిపడి తెగిపోయాయి. నడక వేగంలో ఉన్నాను కాబట్టి మోకాలి చర్మంతో పోయింది. వంతెన దాటి అవతలి దిగుడులో, ముందు బ్రేకు లేకుండా జోరుగా దిగుతున్నప్పుడు జరిగి ఉంటే ఇది రాయడానికి ఉండేవాణ్ని కాదు.

సైకిలు ట్రాలీ ఆటోలో ఎక్కించి ఇంటికొచ్చి, అప్పుడు లెక్క వేశాను. మోటారు మెలి 30 న్యూటన్-మీటర్లు అనుకుంటే, 10 మిల్లీమీటర్ల ఇరుసు అంచుల మీద పడే బలం 3000 న్యూటన్లు. అంటే 300 కిలోల బరువు ఆ గాడి పెదవుల మీద. జల్లెడ మోస్తున్న పట్టీ ఉన్నది ఆ బలాన్ని ఫోర్కు కాలి మీదకి మళ్లించడానికి. లెక్క మూడు నిమిషాలు పట్టింది.

షాపతను కొత్త ఫోర్కు వేశాడు. 28 రిమ్ములోకి మోటారు మార్చి, పుల్లలు అల్లి, బెండు తీసి, బ్రేకు కట్టలు అందేలా చేశాడు. ఒక్క మాట దెప్పలేదు. "ఆ పట్టీ తెచ్చారా మేస్టారూ?" అని మాత్రం అడిగాడు.

పట్టీ ఇప్పుడు ఫోర్కుకి ఉంది. వంటింటి గోడకి రెండు మేకులు మిగిలాయి. జల్లెడ ఒకదానికి వేలాడుతోంది, రెండోది ఖాళీ.