కొండమీద పెళ్లి, చేతిలో ఫోను: రికార్డింగు బాధ్యత వదిలించుకునే చిట్కాలు

అన్నవరంలో ముహూర్తం కుదిరిందంటే ఇంట్లో కుర్రాళ్లకి పనులు పంచేస్తారు. ప్రయాణం చెయ్యలేని నాయనమ్మ కోసం మంత్రాలూ మేళమూ ఫోన్లో రికార్డు చెయ్యమని పెదనాన్న మీకే పురమాయిస్తాడు. "ఆయ్, అలాగే పెదనాన్నా" అనెయ్యండి. ఒక్కసారి పద్ధతిగా చెడగొట్టారంటే ఈ పని జన్మలో మళ్లీ మీ దాకా రాదు.

1. ముందు శాంపిల్ రేటు తగ్గించండి. మైకు పట్టిన శబ్దాన్ని ఫోను సెకనుకి ఇన్నిసార్లని కొలిచి రాసుకుంటుంది. సీడీకైతే 44,100 సార్లు, వీడియోకి సాధారణంగా 48,000. మీరు 8,000 పెట్టండి, పాత ల్యాండ్‌లైన్ల లెక్క అది. కొలిచినదాంట్లో సగం వరకే ధ్వని నిలుస్తుంది. అంటే 4,000 హెర్ట్జ్ దాటినదేదీ మీ ఫైల్లోకి రాదు. గంట మోగితే ఖంగుమనదు, గిన్నె మీద గరిటె తగిలినట్టుంటుంది. 'స'కారం బలం చాలావరకు ఆ పైనే ఉంటుంది కాబట్టి, సత్యదేవుడి పేరు 'ఫత్యదేవుడు' అని వినిపించినా ఆశ్చర్యం లేదు. లాభం చూడండి: 16 బిట్లలో ఒక్క చానెల్ గంటసేపు రికార్డు చేస్తే 44,100కి దాదాపు 318 ఎంబీ పడుతుంది, 8,000కి 58 చాలు. మిగిలిన చోటులో సినిమా దింపుకోండి.

2. ఫోను జేబులోంచి తియ్యకండి. చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయిగా, వాటి మైకుతోనే కానివ్వండి. మైకు పనిలోకి దిగిందంటే చాలా జతలు 8,000కో 16,000కో పడిపోతాయి. సెట్టింగులు వెతికే శ్రమ కూడా ఉండదు. పైగా పీటల దగ్గర నిలబడక్కర్లేదు, భోజనాల వైపు నడిచిపోవచ్చు. కన్యాదానం మంత్రాల మధ్య "ఇటు పులిహోర" అని వినిపిస్తే వినిపించనివ్వండి.

3. పెదనాన్న చూస్తున్నాడనిపిస్తే మాత్రం ఫోను తీసి డోలు పక్కనే పెట్టండి. గట్టిమేళం లేచేసరికి శబ్దం మైకు హద్దు దాటి, అలల తలలు తెగిపోతాయి. తెగినవి మళ్లీ మొలవవు. మంగళసూత్రం కట్టే ఘట్టమంతా బరబరమంటుంది. శ్రద్ధగా దగ్గర పెట్టినట్టూ ఉంటుంది.

4. ఇంటికొచ్చాక ఏదైనా యాప్‌లో ఆ 8,000 ఫైలుని 48,000కి మార్చండి. సైజు ఆరింతలవుతుంది. పోయిన శబ్దం ఒక్క చుక్క తిరిగి రాదు, కానీ వివరాల్లో 48,000 అని కనిపిస్తుంది. పెదనాన్నకి ఆ అంకె చూపించండి, వినిపించకండి.

5. సాకులు ముందే వరసగా పెట్టుకోండి. "పక్క పందిట్లో బ్యాండు, పెదనాన్నా" అన్నది అన్నిటికన్నా గట్టిది. మంచి ముహూర్తాల్లో కొండమీద పెళ్లిళ్లు పక్కపక్కనే జరుగుతాయి, కాదనే వాడుండడు. రెండోది "ఫోను లిమిటండీ". ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోనూ తప్పక పనిచేస్తుందని గూగుల్ చెప్పే రేటు 44,100. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకండి.

6. నాయనమ్మ దగ్గర తొందరపడకండి. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుంటుంది, తిరగేసి రెండో వైపు ఆనించుకుంటుంది, మనవరాలి పేరు ఎక్కడ చదివారోనని వెతుక్కుంటుంది. "నీ చెవులు ఓసారి చూపించాలే నాయనమ్మా" అనండి. వెంటనే విస్తరాకులో కట్టిన ప్రసాదం పొట్లం విప్పి చేతిలో పెట్టండి. గోధుమ నూక, నెయ్యి కలిసిన ఆ వాసన తగిలాక రికార్డింగు ఊసెత్తదు.

అసలు ఫైలు ఆ రాత్రే తీసెయ్యండి. వచ్చే మాఘంలో చెల్లి పెళ్లికి ఈ పని తమ్ముడి మెడకి పడుతుంది. మీరు మొదటి బంతిలోనే కూర్చోండి.