గోంగూరకు ఏ కార్డు?

మా బావగారి పర్సులో డబ్బులుండవు. ఏడు కార్డులుంటాయి. ప్రతి కార్డు వెనకా అక్కయ్య చేత రాయించి అంటించిన తెల్ల స్టిక్కరు ఒకటి: పెట్రోలు, కరెంటు–ఫోను, ఆన్‌లైన్ బట్టలు, బయటి తిండి, మందులు, టికెట్లు. ఏడోదాని మీద ‘ఇతరములు’ అని ఉంటుంది. రెవెన్యూ శాఖలో రిటైరైన మనిషి కదా, ఇతరములు లేని రిజిస్టరును ఆయన ఒప్పుకోరు.

ఆయనతో సూపర్ మార్కెట్‌కు వెళ్లడం ఒక పరీక్ష. బిల్లు చేతికొచ్చాక పద్దులు విడదీస్తారు. బియ్యం ఒక బిల్లు, బీపీ మాత్రలు ఇంకో బిల్లు. కౌంటర్లో అమ్మాయి ‘సార్, అన్నీ కలిపి ఒకటే కొట్టేశాను’ అంటే, ‘అయితే రద్దు చేసి మళ్లీ కొట్టమ్మా’ అంటారు శాంతంగా. వెనక క్యూ గొణుగుతుంది. అక్కయ్య మాత్రం ఈయనెవరో తనకు తెలియనట్టు పక్కకు జరిగి, చాక్లెట్ల స్టాండు వైపు చూస్తూ నిలబడుతుంది.

దేశంలో క్రెడిట్ కార్డులు 10 కోట్లు దాటాయి. అందులో మా బావగారి వాటా ఏడు. 2018లో అమెజాన్ పేరుతో ఐసీఐసీఐ కార్డు వచ్చింది. ప్రైమ్ సభ్యులు ఆ సైట్లో కొంటే 5 శాతం వెనక్కి, సభ్యులు కానివాళ్లకు 3, బయట గీకితే 1. మరుసటేడు ఫ్లిప్‌కార్ట్ పేరుతో యాక్సిస్ కార్డు దిగింది. 2022లో స్టేట్ బ్యాంకు వారి కార్డుల కంపెనీ, ఏ సైటయినా సరే ఆన్‌లైన్ కొనుగోలైతే 5 శాతమని ఇంకోటి వదిలింది. 2023లో స్విగ్గీ పేరుతో హెచ్‌డీఎఫ్‌సీ వచ్చి, అందులో తెప్పించుకున్న తిండి మీద 10 శాతమంది.

ఈ వరస చదివితే బ్యాంకుల లెక్కలో భారతీయుడంటే ఎవరో తెలిసిపోతుంది. అతగాడు వంట చేసుకోడు. బజారు మొహం చూడడు. అద్దె కట్టడు, పిల్లల్ని బడికి పంపడు, ఇంట్లో పెళ్లిళ్లు చెయ్యడు. సోఫాలో కూర్చుని ఫోన్లో ఆర్డర్లు పెడుతుంటాడు, బ్యాంకు మురిసిపోయి 5 శాతం చేతిలో పెడుతుంటుంది.

మరి మన ఇళ్లల్లో డబ్బు ఎక్కడికి పోతోంది? ఒకటో తారీకున సగం జీతం అద్దెకో ఇంటి లోనుకో పోతుంది. అద్దెను కార్డు మీద కడదామని జనం ఎగబడగానే, 2022 చివర్లో బ్యాంకులు మేలుకుని, అలా కట్టినందుకు ఎదురు రుసుము వెయ్యడం మొదలెట్టాయి. జూన్‌లో స్కూలు ఫీజులు. చాలా కార్డుల్లో వాటికి క్యాష్‌బ్యాక్ లేదు, యాప్ ద్వారా కడితే ఒక శాతం అదనంగా పీకే బ్యాంకులూ ఉన్నాయి. శ్రావణమాసంలో బంగారం. సికింద్రాబాద్ జనరల్ బజారులో కార్డు తీస్తే, ‘రెండు శాతం ఎక్కువైతది మేడం’ అని ముందే చెప్పేస్తారు. ఇటు చూస్తే బ్యాంకు వారి నిబంధనల్లో నగలు మినహాయింపు. బీమా ప్రీమియం, మునిసిపాలిటీ పన్ను కూడా చాలా కార్డుల్లో మినహాయింపే. పనిమనిషి, పాలవాడు, చిట్టీ, పూజారిగారి దక్షిణ, పెళ్లిలో చదివింపులు వీటికి గీకే మిషనే లేదు. అన్నీ తీసేశాక మిగిలిన చారెడు ఖర్చు మీద బావగారు ఏడు కార్డులతో యుద్ధం చేస్తున్నారు.

పెట్రోలు సంగతి చూడండి. బంకులో కార్డు గీకితే ఒక శాతం సర్‌చార్జీ పడుతుంది. చాలా కార్డులు దాన్ని మాఫీ చేస్తాయి, కాకపోతే కనీసం 400 రూపాయలకు కొట్టించాలి. బావగారి స్కూటరుకు 300 సరిపోతుంది. ఇప్పుడు 400కి కొట్టిస్తున్నారు. సర్‌చార్జీ 4 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 72 పైసలు. ఆ 4 రూపాయలు స్టేట్‌మెంటులో వెనక్కి వస్తాయి, 72 పైసలు రావు.

“నగదిస్తే సర్‌చార్జీయే ఉండదు కదా బావగారూ?” అన్నాను.

“నగదిస్తే మాఫీ ఎలా వస్తుందోయ్?” అన్నారు.

దీనికి సమాధానం చెప్పగల ఆర్థికవేత్త ఇంకా పుట్టలేదు.

అసలు విద్య మాత్రం కోడ్లలో ఉంది. కార్డు తీసుకునే ప్రతి దుకాణానికీ నాలుగంకెల కోడు ఉంటుంది. సూపర్ మార్కెట్‌ది 5411, రెస్టారెంటుది 5812, మందుల షాపుది 5912, మిఠాయి కొట్టుది 5441, నగల షాపుది 5944. మిషను పెట్టేటప్పుడు బ్యాంకువాళ్లు ఏది కేటాయిస్తే అదే ఆ దుకాణం కులగోత్రం. మీరు లోపల ఏం కొన్నారన్నది కార్డుకు అనవసరం. ఆ కోడేమిటో దుకాణదారుకే తెలియదు. ఈ రహస్యం తెలిసిన రోజు నుంచి బావగారు వెళ్లిన చోటల్లా కోడు అడుగుతున్నారు. కూకట్‌పల్లిలో ఒక పచ్చళ్ల కొట్టులో నేను పక్కనే ఉండగా జరిగింది ఇది:

“మీ ఎంసీసీ ఎంతమ్మా?”

“అరకిలో మూడొందలండి.”

“అది కాదమ్మా, మీ క్యాటగిరీ కోడు.”

ఆవిడ లోపలికి తిరిగి, “ఏమండీ, ఎవరో జీఎస్టీ వాళ్లొచ్చారు” అని కేకేసింది. ఆయన బనీను మీద చొక్కా తొడుక్కుంటూ వచ్చి, బావగారికి కుర్చీ వేసి, రెండు పచ్చళ్లు రుచి చూపించి, డబ్బులు తీసుకోనంటే తీసుకోనన్నాడు. నూటికి నూరు శాతం క్యాష్‌బ్యాక్ నేను చూసింది ఆ ఒక్కసారే. బావగారు మాత్రం మొహమాటపడి మూడొందలూ లెక్కపెట్టి ఇచ్చేశారు, అదీ నా దగ్గర అప్పు తీసుకుని.

ఆ రాత్రి ఆయన డైరీలో గోంగూర మీద ఒక పేజీ నిండింది. రైతుబజారులో కట్ట కొంటే కోడే లేదు, చిల్లర చేతిలో పెట్టాలి. అదే కట్ట సూపర్ మార్కెట్‌లో కొంటే 5411, ఒక శాతం. పచ్చడై సీసాలోకి ఎక్కి ఆన్‌లైన్‌లో వస్తే 5 శాతం. హోటల్లో వేడన్నంలో పడితే 5812. తిండి యాప్‌లో తెప్పిస్తే 10 శాతం, కాకపోతే దాని ధర ఆకాశంలో ఉంటుంది, పైన డెలివరీ, ప్యాకింగు, ప్లాట్‌ఫారం రుసుములు. అక్కయ్య ఇంట్లో రోట్లో నూరితే సున్నా. పేజీ అడుగున ఎర్ర సిరాతో తీర్పు రాశారు: ‘ఇంట నూరుట నష్టదాయకము.’ అక్కయ్య ఆ పేజీ చదివి, మర్నాడు వంట మానేసింది. ఆదివారం దాకా రెండు పూటలా బయటి తిండి కార్డే గీకారు.

2022 సెప్టెంబరులో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించుకునే వీలు వచ్చినప్పుడు ఆయన ఆనందం చూడాలి. ఇక కిరాణా కొట్లో కొత్తిమీరకు కూడా క్యాష్‌బ్యాకే అన్నారు. మా వీధి చివరి కొట్లో క్యూఆర్‌ను స్కాన్ చేస్తే కార్డు పని చెయ్యలేదు. “క్రెడిట్ కార్డు దీంట్ల నడ్వది సార్, ఇది మా పోరగాని నంబరు” అన్నాడు కొట్టాయన. వ్యాపారి పేరుతో నమోదైన క్యూఆర్‌కే క్రెడిట్ కార్డు చెల్లుతుంది, మనుషుల సొంత ఖాతాలకు చెల్లదు. ఆ కుర్రాడి పేరున వ్యాపారి ఖాతా తెరిపిస్తానని బావగారు ఇప్పటికీ వాడి వెంట పడుతున్నారు. వాడు బావగారు కనబడితే గోడ దూకుతున్నాడు.

ఈ విద్యలో ఆయనకు గురువు డాలస్‌లో ఉండే కొడుకు. అది మరీ ముదిరిన కేసు. క్యాష్‌బ్యాక్‌ను జనానికి బాగా అలవాటు చేసిందే అమెరికా. సియర్స్ కంపెనీ 1986లో డిస్కవర్ కార్డుతో వాడుకున్నదాంట్లో కొంత వెనక్కి ఇస్తానని దేశమంతా చాటింపు వేయించింది. ఇప్పుడక్కడ మూడు నెలలకోసారి పద్దులు మారే కార్డులున్నాయి. ఈ మూడు నెలలు పెట్రోలుకు 5 శాతం, వచ్చే మూడు నెలలు కిరాణాకు. అదీ మనంతట మనం లాగినై బటన్ నొక్కితేనే. మేనల్లుడి దగ్గర ఇంకో కార్డుంది, సూపర్ మార్కెట్లలో 6 శాతం ఇస్తుంది. ఏడాదికి 6,000 డాలర్ల దాకా, అంటే 360 డాలర్లు. కార్డు ఫీజు 95 పోను 265 మిగలాలి. కానీ తెలుగువాళ్లు వారం వారం బండి నింపుకునే కాస్ట్‌కోలో ఆ కార్డు అసలు గీసుకోదు. 2016 నుంచి అక్కడ వీసా తప్ప మరో క్రెడిట్ కార్డు తీసుకోరు. ‘సోనామసూరి ఎక్కడ కొంటున్నావురా మరి?’ అంటే, ‘మామయ్యా, ఇండియన్ స్టోరుకు ఏ కోడుందో కనుక్కోవడానికి ముందు ఒక కరివేపాకు ప్యాకెట్టు కొని చూస్తాను, స్టేట్‌మెంటులో కిరాణా అని పడితే అప్పుడు బియ్యం బస్తా’ అన్నాడు. తండ్రిని మించిన తనయుడు.

బ్యాంకువాడు ఈ దానధర్మాలు దేనిలోంచి చేస్తున్నాడని బావగారు ఎన్నడూ అడగలేదు. మనం గీకిన ప్రతిసారీ దుకాణదారు దగ్గర సుమారు రెండు శాతం కోసుకుంటారు. అందులో పెద్ద ముక్క కార్డిచ్చిన బ్యాంకుది. మామూలు యూపీఐ మీద 2020 జనవరి నుంచి దుకాణదారు దగ్గర ఏమీ కోయకూడదు, డెబిట్ కార్డు మీద రిజర్వ్ బ్యాంకు గరిష్ఠ పరిమితి పెట్టింది. క్రెడిట్ కార్డు మీద అలాంటి పరిమితి లేదు. మాల్ గుమ్మం దగ్గర టై కట్టుకున్న కుర్రాళ్లు ‘లైఫ్‌టైమ్ ఫ్రీ సార్’ అంటూ క్రెడిట్ కార్డులు పట్టుకుని మన వెంట పడతారు. డెబిట్ కార్డు ఇస్తామని వెంటపడిన కుర్రాణ్ని మీరెప్పుడైనా చూశారా? దుకాణదారు ఆ రెండు శాతాన్ని ఎమ్మార్పీలో ఎప్పుడో సర్దేసుకుంటాడు. నగదిచ్చే పనిమనిషి కూడా ఆ ధరే కడుతుంది. బావగారి 5 శాతంలో ఆవిడ పైసలూ ఉన్నాయి.

రెండో ఊట ఇంకా పెద్దది. బిల్లు 40,000 వచ్చింది, చేతిలో లేక కనీస బకాయి 2,000 కట్టి ఊరుకున్నారనుకోండి. మిగిలిన 38,000 మీద నెలకు 3.75 శాతం చొప్పున 1,425 వడ్డీ, దాని మీద జీఎస్టీ 256.50. అక్కడితో ఆగదు. వడ్డీ లేని గడువు కూడా పోతుంది, కొత్తగా కొన్న ఉప్పుప్యాకెట్టుకు కూడా కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. ఏడాదికి 45 శాతం. మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కు అప్పిచ్చే ఆసామి కూడా ఇంత వడ్డీ పేరెత్తడానికి కాస్త సిగ్గుపడతాడు. 30 శాతం దాటితే అన్యాయమైన వ్యాపారమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అంది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. బావగారు ఆ వార్త చదవలేదు, ఆ పేజీలో ఆఫర్ల ప్రకటన లేదు కాబట్టి.

బావగారు గడువు దాటించే మనిషి కాదు, అది ఒప్పుకోవాలి. ఆయన చేయి కాలింది ఇంకోచోట. ఒక కార్డుకు ఏడాది ఫీజు 999, జీఎస్టీతో కలిపి 1,179. ఆన్‌లైన్‌లో 5 శాతం చొప్పున 23,580 రూపాయల సరుకు కొంటే ఫీజు తీరుతుంది, బయట ఒక శాతం చొప్పునైతే 1,17,900 కావాలి. ఏడాదికి 2 లక్షలు ఖర్చు పెడితే ఫీజే మాఫీ. గడువు ముందు లెక్క చూస్తే లక్షా 91 వేలే తేలింది. 1,179 దండగ పోకూడదని 9,000 పెట్టి ఎయిర్ ఫ్రయ్యరు కొన్నారు. అక్కయ్య దాని మీద పాత తువ్వాలు కప్పి, పైన పోపులడబ్బా పెట్టింది.

నన్నడిగితే ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఒకటి, మిగతావాటికి ఫీజు లేనిది ఒకటి, రెండు కార్డులు చాలు. బిల్లు పూర్తిగా కట్టలేనివాళ్లకు ఆ రెండూ వద్దు. ఈ మాటే బావగారితో అన్నాను. పనిలో పనిగా, కార్డు మూసెయ్యమని అడిగితే బకాయిలేవీ లేనప్పుడు బ్యాంకు 7 పనిదినాల్లో మూసెయ్యాలని, ఆలస్యం చేస్తే రోజుకు 500 చొప్పున మనకే జరిమానా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల్లో ఉందని చెప్పాను.

బావగారు కళ్లజోడు తీశారు. “రోజుకు ఐదొందలా? పద్దు లేదు, గరిష్ఠ పరిమితి లేదు, మినహాయింపు లేదు?”

“లేదు.”

“ఇంత మంచి కార్డు సంగతి ఇన్నాళ్లూ చెప్పవేమోయ్!”

మర్నాడే ‘మందులు’ కార్డు మూసెయ్యమని మెయిల్ పెట్టారు. బ్యాంకు ఎలాగూ తాత్సారం చేస్తుందని ఏడు పనిదినాలు దాటిన రోజు నుంచి డైరీలో ఐదొందలు, వెయ్యి, పదిహేనొందలు అని ముందే గళ్లు గీసుకున్నారు. ఫోనెత్తితే అరగంట పాట వినిపించే బ్యాంకు, ఆ కార్డును ఐదో పనిదినానికే మూసేసి ధన్యవాదాలు కూడా చెప్పింది. బావగారు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మొన్న సోమవారం మరో రెండు కార్డులకు దరఖాస్తులు పెట్టారు, మూయించడానికి. ఒక్కటైనా లేటు చెయ్యకపోతుందా అని.