హరితవ్రతుడు

మన పట్టణములలో ఇటీవల హరితవ్రతుడను ఒక నూతన మానవజాతి వర్ధిల్లుచున్నది. ప్రకృతిమాతయెడ ఇతనికి గల భక్తి అపారము. దానిని వెల్లడించుటకు ఇతడెరిగిన మార్గము మాత్రమొక్కటే: కొనుట. లోకులు భోగమునకై కొందురు. ఇతడు త్యాగమునకై కొనును. వెదురు టూత్‌బ్రష్షులు, రాగిసీసాలు, కొబ్బరిచిప్ప గిన్నెలు, స్టీలు స్ట్రాలు ఇత్యాది వైరాగ్యసామగ్రితో రెండు బీరువాలు నిండి, మూడవ బీరువా కొనుటకు ముహూర్తము సమీపించినది.

ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జూలై 1వ తేదీనుండి కేంద్రప్రభుత్వము నిషేధించినదని విన్నంతనే ఇతని కన్నులు ఆనందబాష్పపూరితములయ్యెను. ఆ సాయంకాలమే, ఇంకను పదేండ్లు పనికివచ్చు ప్లాస్టిక్ పోపుడబ్బాలనెల్ల చెత్తబండి కెక్కించి, గాజుసీసాలను కొనితెచ్చెను.

బజారునకు పోవునపుడు సంచి మరచుట ఇతని నిత్యవిధి. ప్లాస్టిక్ సంచిని ముట్టనను ప్రతిజ్ఞ కలదు గావున ప్రతిమారును క్రొత్త నూలుసంచిని కొనక తప్పదు. ఇట్లు చేరినవి నలుబది. ప్రకృతిపై పడు భారమును కొలుచు అన్ని కొలమానములలోను ప్లాస్టిక్ సంచితో సరితూగవలెనన్నచో, నూలుసంచిని దాదాపు 7,000 మార్లు వాడవలసియుండునని 2018లో డెన్మార్కు పర్యావరణశాఖ నివేదిక తేల్చినది. దినమున కొక్కమారు చొప్పున ఈ నలుబది సంచుల ఋణమును తీర్చుకొనుటకు మన హరితవ్రతుడు ఏడున్నర శతాబ్దములకు పైగా బజారునకు పోవలయును, అదియు సంచి మరవకుండ.

ఇతని తల్లిగారు ఏ వ్రతమును పట్టినవారు కారు. బియ్యము కడిగిన నీరు కరివేపచెట్టునకు, బీరపొట్టు పచ్చడికి, చిరిగిన చీర బొంతకు, చివికిన బొంతపీలిక మసిగుడ్డకు చేరుట ఆ యింట ఏనాటినుండియో జరుగుచున్న పని. ఒకనాడు కుమారరత్నము ఒళ్లు రుద్దుకొనుటకు ‘సహజమైన’ పీచు నొకదానిని తెప్పింపగా, అది అట్టపెట్టెలో, ప్లాస్టిక్ బుడగల పొరలలో, సద్యోజాత శిశువువలె చుట్టబడి దిగినది. ఆ తల్లి పెరటిపందిరిపై ఎండి వ్రేలాడుచున్న నేతిబీరకాయలవంక ఒకమారు, కుమారునివంక ఒకమారు చూచి, “ఒరే నాయనా, కొనకుండా ఉండడానికి కూడా ఇన్ని కొనాలట్రా?” అనిరి.

ఆ వాక్యమందలి ఉపనిషత్సారమునకు హరితవ్రతుడు పులకితగాత్రుడై, మాతృపాదములకు మ్రొక్కి, దానిని అచ్చొత్తించి లోకమునకు పంచిపెట్టుటకై నూరు నూలుసంచులకు తత్‌క్షణమే ఆర్డరిచ్చెను.