ఆకుతో సహా కాటాకెక్కిన వెబ్‌సైటు

గోవాడలో పుట్టినవాడికి చెరకు తూకం ఎవరూ నేర్పక్కర్లేదు. బండి కాటాకెక్కినప్పుడు ఆకూ, మొవ్వూ, వేళ్లకంటుకున్న మట్టీ అన్నీ బరువే. మరలో పడ్డాక మాత్రం ఆకులోంచి తీపి దిగదు, మట్టిలోంచి అసలే దిగదు. అందుకే ఫ్యాక్టరీవాళ్లు ట్రాష్ అని తూకంలో కోత పెడతారు, రైతు కాటా దగ్గర తగువు పెట్టుకుంటాడు, తర్వాత ఇద్దరూ ఒకే బడ్డీ దగ్గర టీ తాగుతారు. 2024-25 సీజనుకి కేంద్రం ప్రకటించిన చెరకు గిట్టుబాటు ధర (ఎఫ్‌ఆర్‌పీ) క్వింటాలుకు 340 రూపాయలంటే, అది 10.25 శాతం రికవరీ మీద కట్టిన లెక్క. చెరకు ఎంత తూగిందన్నది ఒక ఎత్తు, దాంట్లోంచి పంచదార ఎంత వచ్చిందన్నది ఒక ఎత్తు. పైగా ఒకడి బండిలో ఆకు ఊరందరి రికవరీనీ కిందకి లాగుతుంది.

ఇన్ని తెలిసినవాడు వెబ్‌సైటు పెట్టగానే ఏమైపోతాడో చూడండి.

మా పెదనాన్న కొడుకు బెల్లం వండుతాడు. అనకాపల్లి మార్కెట్టుకి దిమ్మలు తోలి తోలి విసిగి, ఇంటర్నెట్‌లో అమ్ముదామనుకున్నాడు. మంచి ఆలోచనే. దానికో నిపుణుడు తగలడమే ఖర్మ. ఆయన కార్డు మీద ‘గూగుల్‌లో నెంబర్ వన్ ర్యాంకు గ్యారంటీ’ అని బంగారు రంగులో ఉంది. మొదటి ర్యాంకు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన సలహాల్లో రాసిపెట్టింది. పిల్ల తండ్రి ఇంకా ఆలోచించుకోవాలంటుంటే పెళ్లిళ్ల పేరయ్య బాజాలకి బయానా ఇచ్చేసినట్టుంది వ్యవహారం. అన్నయ్య కూడా బయానా ఇచ్చేశాడు.

సైటు తయారైంది. మొదటి పేజీ ఇలా మొదలవుతుంది: ‘అనకాపల్లి బెల్లం కావాలా? మా అనకాపల్లి బెల్లం అసలైన అనకాపల్లి బెల్లం. అనకాపల్లి బెల్లం కొనేవారు మంచి అనకాపల్లి బెల్లం కోసం మా అనకాపల్లి బెల్లం దుకాణంలో అనకాపల్లి బెల్లం కొనండి.’ చదివి వినిపిస్తే పెద్దమ్మ కంగారుపడింది. ‘ఏట్రా, గుంటడికి నత్తి గానీ వచ్చిందేటి?’

నత్తి కాదు పెద్దమ్మా, కీవర్డు.

నిపుణుడు అక్కడితో ఊరుకోలేదు. పేజీ అడుగున తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో ఇవే మాటలు మళ్లీ దట్టించాడు. మనుషులకి కనబడవు, యంత్రానికి కనబడతాయి అని ఆయన లెక్క. పేజీలో మాటలు లెక్కపెట్టి మురిసిపోయే యంత్రాల కాలం ఒకటుండేది, నిజమే. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ పెట్టింది ఆ పిచ్చికి మందుగానే. నువ్వు నీ గురించి ఎన్నిసార్లు చెప్పుకున్నావన్నది అలా ఉంచి, ఊళ్లో ఎంతమంది నీ ఇంటివైపు వేలు చూపిస్తున్నారో చూడమన్నారు వాళ్లు. నిపుణుడు మాత్రం ‘మెటా కీవర్డ్స్’ అని ఇంకో 50 మాటలు కోడ్‌లో దాచి దానికి విడిగా బిల్లు వేశాడు. వెబ్ ర్యాంకింగుకి ఆ ట్యాగుని అసలు పట్టించుకోబోమని గూగుల్ 2009లోనే బాహాటంగా చెప్పింది. బిల్లు మాత్రం ఈ ఏడాదిది.

దట్టించిన కీవర్డులైనా జనం నోట నలిగేవా అంటే అదీ లేదు. మా ఊరి మిల్లుకి కాగితాల మీద ‘చోడవరం కో-ఆపరేటివ్ షుగర్స్ లిమిటెడ్’ అని పేరు. ఆ పేరుతో దారి అడిగినవాణ్ణి మా వాళ్లు ఆడిటరేమో అనుకుంటారు. అందరి నోటా అది గోవాడ షుగర్ ఫ్యాక్టరీ. జనం ఏ మాటతో అడుగుతారో ఆ మాట ఒక్కసారి, సరైన చోట రాస్తే చాలని నిపుణుడికి తట్టలేదు. ఆయన రాసింది ‘ప్రీమియం ఆర్గానిక్ స్వీటెనర్ సొల్యూషన్స్’. బెల్లానికి సొల్యూషన్ అంటే మాకు తెలిసింది పాకమే. సైటులో చిరునామా ఇంకా విశాఖపట్నం జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్ 4న మేం అనకాపల్లి జిల్లాలోకి మారామని ప్రభుత్వం చెప్పినా నిపుణుడు చెప్పలేదు కాబట్టి సైటు ఒప్పుకోలేదు.

తర్వాత ఊరికో పేజీ. ‘చోడవరంలో బెల్లం’, ‘రావికమతంలో బెల్లం’, ‘బుచ్చెయ్యపేటలో బెల్లం’. ఊరిపేరు తప్ప లోపల అక్షరం మారదు. మాడుగుల పేజీలో కూడా బెల్లమే. మాడుగులవాడు హల్వా తప్ప ఇంకోటి వెతుకుతాడా? వీటిని డోర్‌వే పేజీలంటారు. గుమ్మాలు వందున్నాయి, ఇల్లు ఒకటే, అది కూడా రేకుల షెడ్డు. ఈ పని చేసే 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ కంపెనీ జర్మనీ సైటు గూగుల్‌లోంచి గల్లంతైంది. అంత కార్ల కంపెనీ తలొంచుకుని ఆ పేజీలు తీసేస్తే కొద్దిరోజుల్లో మళ్లీ వచ్చింది. మా అన్నయ్యకి ఉన్నది టీవీఎస్ ఎక్సెల్.

అసలు ఖర్చు లింకుల దగ్గర. వేలు చూపించేవాళ్లని కూలికి తెచ్చే ప్యాకేజీ అది. బెల్లం గురించి ఎక్కడెక్కడివాళ్లు లింకిచ్చారో తెలుసా? పేకాట సైట్లు, జుట్టు మొలిపించే నూనెలు, ఏ భాషో తెలియని పెళ్లి బట్టల కొట్లు. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ ర్యాంకుల వెనక ఇలాంటి లింకులే ఉన్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఒక సూట్‌కేసు మాటకి సాయంత్రం ఏడింటికి మొదటి స్థానంలో ఉన్న ఆ సంస్థ, తొమ్మిదింటికి 71లో తేలింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి గూగుల్ ఇలాంటి కూలి లింకులన్నిటి మీదా పడింది. అలాంటి సరుకు ఇప్పుడు ‘లేటెస్ట్ టెక్నిక్’ అని ఇక్కడికొచ్చింది. కాలం చెల్లిన పురుగుమందు కూడా కొత్త డబ్బాలో వస్తుందిగా.

నాకు నవ్వొచ్చేదీ, కడుపు మండేదీ ఇక్కడే. బెల్లం వండేవాడికి హైడ్రోస్ సంగతి తెలియదా? పాకంలో ఆ పొడి వేస్తే దిమ్మ పసుపుపచ్చగా మెరుస్తుంది, పాటలో రెండు రూపాయలు ఎక్కువ పలుకుతుంది. కొన్నాళ్లకి రంగు విరిగి, నీరు కారి, తిన్నవాడి గొంతు పట్టేస్తుంది. మా అన్నయ్య హైడ్రోస్ వెయ్యడు. బెండ మొక్కల జిగురు వేసి, మడ్డి తేలినకొద్దీ ఓపిగ్గా తీసి, నల్లగా ఉన్నా నా బెల్లం నాదే అంటాడు. అలాంటి మనిషి సైటుకి మాత్రం గంపలకొద్దీ హైడ్రోస్ కొన్నాడు.

ఒక్క అన్నయ్యని అనడమెందుకు. తెలుగులో ఏదైనా వెతికి చూడండి. ‘ఆ సినిమా ఓటీటీలో ఎప్పుడంటే?’ అని నొక్కితే, హీరో చిన్నప్పటి నుంచి మొదలుపెట్టి పన్నెండు పేరాలు దాటించి, ‘తేదీ ఇంకా ప్రకటించాల్సి ఉంది’ అని ముగిస్తారు. ఇప్పుడు ఆ పన్నెండు పేరాలు వండడానికి మనిషి కూడా అక్కర్లేదు. 2024 మార్చిలో గూగుల్ ఇలా గుట్టలుగా వండి పోసే రాతని స్పామ్ కింద లెక్కగట్టింది. చెరుకే లేకుండా పిప్పి తయారుచేసే మిల్లు మనవాళ్లే కనిపెట్టారని గర్వపడాలేమో.

మన భాషకి ఇంకో ప్రత్యేక మూర్ఖత్వం ఉంది. ఒకప్పుడు మన పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకునేవి. కంటికి తెలుగే, లోపల యంత్రానికి అర్థంలేని గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదువుకోడానికి ‘పద్మ’ అనే పనిముట్టు తయారుచేసుకోవాల్సి వచ్చింది. యూనికోడ్ ఊరూరా వచ్చేశాక కూడా మన నిపుణుడు బెల్లం ధరలు, ఫోన్ నంబరు, చిరునామా అన్నీ అనుఫాంటులో కొట్టించి, ఫ్లెక్సీవాడి దగ్గర డిజైను చేయించి, బొమ్మగా అతికించాడు. రాసిన పది మంచి మాటలూ ఆ బొమ్మలో ఇరుక్కున్నాయి. గోవాడ సిగ్నల్‌కి ఆ బొమ్మ దిగేలోపు మనిషి వెళ్లి బెల్లం కొనుక్కుని రావచ్చు.

ఆరు నెలలు గడిచాయి. నెలనెలా రంగుల గ్రాఫు వచ్చేది, పైకి వెళ్తున్న బాణంతో. ఆర్డర్లు మాత్రం రాలేదు. చదువుకుంటున్న మా మేనకోడలు ఒక సాయంత్రం సైటు విప్పి చూసి కింద కూర్చుండిపోయింది. రోబోట్స్ ఫైల్లో ఒకే ఒక్క ఆజ్ఞ ఉంది: ఏ సెర్చి యంత్రమూ ఈ సైటులోకి అడుగుపెట్టరాదు. సైటు కడుతున్నప్పుడు వేసిన తాళం తియ్యడం మర్చిపోయారు. కీవర్డులు, గుమ్మాలు, కూలి వేళ్లు, ఆరు నెలల బిల్లులు, అన్నీ తాళం వేసిన ఇంట్లోనే. ఒక రకంగా అదే మేలు చేసింది, ఆ చెత్త గూగుల్ కంట పడలేదు.

మేనకోడలు తెల్ల అక్షరాలు చెరిపింది, ఊరి పేజీలు తీసేసింది, బెండ జిగురుతో బెల్లం ఎలా వండుతారో అన్నయ్య చెబుతుంటే రాసిపెట్టింది, తాళం తీసింది. వారమాగి అన్నయ్య తనే ఫోన్‌లో ‘గోవాడ’ అని కొట్టి చూసుకున్నాడు. అమృతలూరు మండలంలో కూడా ఒక గోవాడ ఉంది, అక్కడి బాలకోటేశ్వరస్వామికి పెద్ద పేరు. నాకు వెంటనే ఫోన్ చేశాడు.

‘తమ్ముడూ, మనూళ్లో ఈ గుడి ఎప్పుడు కట్టేర్రా?’