తడిసె నయ్య: ఒక బాలింత పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

పాలు తాగె, నిద్ర పట్టలే దింకను,
తడిసె బట్ట, మరల తడిసె నయ్య,
పసుపు పచ్చ మేను పరికించి చూడుమా,
ఏల యేడ్చె నమ్మ? యింక నేమి?

అవతారిక

ఇది తాటాకుల మీద దొరికిన పద్యం కాదు. "పాలు, తడి, విరేచనం, నిద్ర" అని నాలుగు గళ్లు గీసిన లాంగ్ నోట్‌బుక్కులో, పాప పుట్టిన పదమూడోనాటి రాత్రి మూడు గంటలకు నా భార్య గీకిన మాటలివి. యతి మాత్రం నేను కుదిర్చాను. రచనాస్థలం తెనాలిలో మా అత్తగారిల్లు. కృతి అందుకున్నావిడకు అప్పటికి పేరైనా పెట్టలేదు, 'అమ్మడు' అంటున్నాం. ఆటవెలదికి ప్రాసనియమం లేదు. ఆ పదమూడు రోజులూ మా ఇంట్లో ఏ నియమమూ లేదు కనుక ఛందస్సు సందర్భోచితమే.

టీక

పాలు తాగె = పాలు తాగింది. ఎంత? మూలంలో లేదు. సీసాకు గీతలుంటాయి గాని తల్లికి ఉండవు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగడం మామూలేనని డాక్టరమ్మ చెప్పారు. పదమూడోసారి అడిగితే ఏ శాస్త్రంలో వెతకాలో చెప్పలేదు.

నిద్ర పట్టలేదు = ఎవరికి? కర్త లుప్తం. వ్యాకరణం ప్రకారం బిడ్డకు, అనుభవం ప్రకారం తల్లికి. తండ్రికి కూడా అని నేను రాసుకున్న అర్థాన్ని, నా గురక విన్న కారణంగా కవయిత్రి కొట్టేసింది.

నయ్య = అయ్యా. మామూలుగా నన్ను "ఏవండీ" అంటుంది. రాత్రి మూడింటికి "అయ్యా" అంటే అది సంబోధన కాదు, నోటీసు. "తడిసె చొక్క" అనే పాఠాంతరం కూడా ఉంది. గణాలు సరిపోతాయి, సాక్ష్యంగా చొక్కా కూడా ఉంది.

మరల = మళ్లీ. ఈ పద్యానికి ప్రాణం ఈ మూడక్షరాలే. ఇందులో విసుగు ధ్వనిస్తోందని మొదట నేనూ పొరబడ్డాను. పాప 2 కిలోల 900 గ్రాములతో పుట్టింది. నాలుగోనాటికి 2 కిలోల 700 అయింది. ఆ రెండు వందల గ్రాములు ఎక్కడికి పోయాయో తెలియక ఇల్లంతా వెతికినంత పని చేశాం. మొదటి రోజుల్లో పదో వంతు దాకా తగ్గడం మామూలేనట, పది పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకు చేరాలట. ఆ లోపల కడుపులోకి పాలు పోతున్నాయనడానికి ఇంట్లో దొరికే రుజువు ఒక్కటే: అయిదారు రోజులు దాటాక రోజుకు కనీసం ఆరు తడిబట్టలు. కనుక "మరల" అంటే ఆరో గీత. నోట్‌బుక్కులో ఆ గీత దగ్గర కలం రెండుసార్లు దిద్దినట్టుంది. మర్నాడు, పద్నాలుగో రోజు లెక్కప్రకారం వచ్చిన ఆశా కార్యకర్త జోలెలో వేసి తూచి "రెండూ తొమ్మిది వందల ముప్పై" అంది. మా అత్తగారు ఆవిడకు కాఫీ రెండుసార్లు ఇచ్చారు.

పసుపు పచ్చ = పునరుక్తి. పసుపన్నా పచ్చన్నా ఒకటే కదా, దోషం కాదా అంటే, కాదు. భయపడ్డవాళ్లు ఒకే మాట రెండుసార్లు అంటారు. పుట్టిన పిల్లల్లో ఎర్రకణాలు త్వరగా విరుగుతాయి. అందులోంచి వచ్చే బిలిరుబిన్‌ను బయటికి తోలే పని కాలేయానికి ఇంకా చేతకాదు. అందుకే రెండో మూడో రోజున పచ్చదనం మొదలై, అయిదో రోజు దాకా పెరిగి, రెండు వారాలకు దాదాపు పోతుంది. మా మామగారిది ఎండ సిద్ధాంతం: "కిటికీ దగ్గర పడుకోబెట్టండి, అదే పోతుంది." ఆయనకు తెలియకపోయినా ఈ పక్షానికి చరిత్రలో దన్ను ఉంది. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు, పిల్లల్ని ఎండపొడకు తిప్పే అలవాటున్న మనిషి, ఒక పసివాణ్ణి డాక్టర్లకు చూపించింది. ఒళ్లంతా తెల్లబడింది, దుప్పటి కొంగు కప్పినంత మేర ముక్కోణంలో పచ్చగా మిగిలింది. అక్కడి క్రీమర్ బృందం 1958లో దీపాల చికిత్స ప్రకటించింది. ఇప్పటి నీలిదీపాల పెట్టెకు మూలం ఆ ముక్కోణం. కాని మామగారు గెలవలేదు. కిటికీ ఎండ మందు కాదని, రక్తం పరీక్ష చేసి అవసరమైతే దీపమేనని డాక్టరమ్మ తేల్చారు. వ్యాఖ్యాత ఇక్కడ హాస్యం మానేస్తున్నాడు: పుట్టిన మొదటి రోజే పచ్చబడ్డా, అరచేతులకూ అరికాళ్లకూ పాకినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు పట్టకపోయినా, విరేచనం సున్నంలా తెల్లగా వచ్చినా టీకలు చదువుతూ కూర్చోకూడదు. మూడు నెలల లోపు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అంతే.

పరికించి = పరికించడం ఎంతసేపు? తెల్లవారేదాకా. పసివాళ్లు నిద్రలో అయిదు పది సెకన్లు ఊపిరి ఆపి, మళ్లీ గబగబా తీస్తారు. ఆ పది సెకన్లలో నా వేలు ఆ చిన్న ముక్కు కింద ఉంది, నా ఊపిరి ఎక్కడుందో తెలియదు. ఇరవై సెకన్లు దాటితేనో ఒళ్లు నీలంగా మారితేనో ఆసుపత్రి, లేకుంటే మామూలే అని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా వేలు తీయలేదు.

ఏల యేడ్చె = ఇక్కడ వ్యాఖ్యాతలు వేరుపడ్డారు. అమ్మమ్మ: "పాలు చాలట్లేదు." ఖమ్మం నుంచి ఫోనులో మా అమ్మ: "దిష్టిరా, ఉప్పు తిప్పెయ్." పక్కింటి పిన్నిగారు: "వసకొమ్ము అరగదీసి తేనెలో నాకించండి." ఈ చివరి పాఠం ప్రమాదకరం. తేనెలో ఉండే సూక్ష్మజీవుల బీజాలు పసిపేగుల్లో విషం చేయగలవు కనుక ఏడాది నిండేదాకా నిషిద్ధం. ఆరు నెలలదాకా మంచినీళ్లు కూడా వద్దన్నారు. డాక్టరమ్మ ఇంకో సూత్రం చెప్పారు: రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడిస్తే కోలిక్ అని 1954లో వెస్సెల్ అనే వైద్యుడు పెట్టిన లెక్కట. కారణం మాత్రం ఆ సూత్రంలోనూ లేదు. ఏడుపు ఆరో వారం దాకా పెరిగి, ఆ పైన తగ్గుతుందట. ఇవాళ ముప్పై ఎనిమిదో రోజు. క్యాలెండరు వంక చూస్తున్నాం.

యింక నేమి = ఇంకేం? నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు. మనవాళ్లు ఎదుగుదలను అనుప్రాసలో కట్టి పిండివంటల్లో కొలిచారు. ఏ వారానికి ఏం రావాలో గడువులు పెట్టలేదు, వచ్చినప్పుడు పొయ్యి వెలిగించమన్నారు.

నిద్రలో నవ్వితే దేవుడు పువ్వు చూపిస్తున్నాడని అమ్మమ్మ అంటుంది. మొహం చూసి నవ్వే నవ్వు ఆరో వారం ప్రాంతంలో వస్తుందని డాక్టరమ్మ అంటారు. నిన్న సాయంత్రం అమ్మడు నవ్వింది. ఫ్యానును చూసి. ఇది లెక్కలోకి వస్తుందా రాదా అని రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చ. నువ్వులు వేయించి డబ్బాలో పోశారు. బెల్లం ఇంకా తురమలేదు.